ఇంట్లో ఎలా ఉందమ్మా?



హెచ్‌ఐవీ గురించి రేడియోలో మీరు చాలాసార్లు వినే ఉంటారు. ఎలా సోకుతుంది, ఎలా సోకదు, పరీక్ష ఎక్కడ చేస్తారు, మందులు ఎక్కడ ఇస్తారు, ఇవన్నీ మీలో చాలామందికి తెలుసు. ఈ రోజు వాటి జోలికి ఎక్కువగా వెళ్లను. మందుకీ మనిషికీ మధ్య అడ్డుపడే ఒక సంగతి గురించి మాట్లాడతాను. అది దెబ్బ. ఇంట్లో తగిలే దెబ్బ. వీధిలో తగిలే దెబ్బ. ఎప్పుడో చిన్నప్పుడు తగిలి ఇంకా మానని దెబ్బ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హెచ్‌ఐవీ పరీక్ష చేసే చోట, మందులిచ్చే చోట ఒక ప్రశ్న అడగాలి. చాటుగా అడగాలి. నిదానంగా అడగాలి. "ఇంట్లో ఎలా ఉందమ్మా? ఎవరికైనా భయపడి బతకాల్సి వస్తోందా?" ఈ ప్రశ్న కూడా వైద్యంలో భాగమే. రక్తపరీక్ష ఎంత అవసరమో ఈ ప్రశ్న అంత అవసరం.

ముందు మంచి సంగతి చెప్పుకుందాం. మన దేశంలో హెచ్‌ఐవీ మొదటిసారి 1986లో మద్రాసులో బయటపడింది. అప్పుడు సరైన మందు లేదు. తర్వాత మందులు వచ్చినా, కొని వాడగలిగినవాళ్లు కొద్దిమందే. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ముందుగా మొదలైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2017 నుంచి రోగనిరోధక శక్తిని తెలిపే సీడీ4 లెక్కతో పని లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒకే మాత్ర. రోజూ తప్పకుండా వేసుకుంటే, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి, అలాగే నిలబడిన మనిషి నుంచి శారీరక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. ఈ మాట మరోసారి చెబుతున్నాను. మందు సరిగా వేసుకుని, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన మనిషి నుంచి భార్యకు గానీ భర్తకు గానీ అలా సోకదు.

ఇంత మంచి మందు ఉంది. పైసా ఖర్చు లేదు. మరి మధ్యలో మానేసేవాళ్లు ఎందుకున్నారు?

మందులిచ్చే సెంటర్ రిజిస్టర్లో "రాలేదు" అని ఉంటుంది. ఎందుకు రాలేదో చాలాసార్లు ఉండదు. కారణాలు రకరకాలు. దూరాభారం కావచ్చు. వలస పోయి ఉండొచ్చు. తాగుడు కావచ్చు. మాత్ర పడక కావచ్చు. వీటన్నిటి గురించీ సెంటర్లలో అడుగుతూనే ఉంటారు. అడగకుండా వదిలేసేది భయం గురించి. మోటారు బాగానే తిరుగుతోంది, బోదెకు గండి పడింది అనుకోండి. చేనుకు నీళ్లు అందవు. అప్పుడు మోటారు విప్పి చూస్తూ కూర్చుంటే ఏం లాభం? గట్టు వెంట నడిచి, గండి ఎక్కడుందో చూడాలి. నేను అడగమంటున్న ప్రశ్న అలా గట్టు వెంట నడవడమే.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. ఊరు ఏదైనా కావచ్చు. ఆ ఇంటి కోడలికి మూడో నెల. ఆశా కార్యకర్త వెంట ఆస్పత్రికి వెళ్తుంది. గర్భిణులందరికీ చేసినట్టే ఆమెకూ రక్తపరీక్షలు చేస్తారు. అందులో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉంటుంది. పాజిటివ్ అని వస్తుంది. కౌన్సెలర్ మేడమ్ కూర్చోబెట్టి ఓపికగా అన్నీ చెబుతుంది. మందు వేసుకుంటే నీ ఆరోగ్యం బాగుంటుంది, బిడ్డకు సోకకుండా కాపాడుకోవచ్చు అంటుంది. అందులో ప్రతి మాటా నిజం. చివర్లో ఇంకొక్క మాట అంటుంది. "ఈసారి మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా."

ఆ మాట దగ్గర ఆ అమ్మాయికి పైప్రాణాలు పైనే పోతాయి.

ఎందుకు? ఆ ఇంట్లో మొదట పరీక్ష జరిగింది ఆమెకే. గర్భం వస్తే ఆడమనిషి ఆస్పత్రికి వెళ్తుంది, పరీక్ష జరుగుతుంది. మగమనిషికి అలా వెళ్లే సందర్భం రాదు. కాబట్టి జబ్బు ఎవరి నుంచి ఎవరికి వచ్చినా, మొదట బయటపడే పేరు ఆమెది. ముందు ఎవరి రిపోర్టు వస్తే వాళ్లే తెచ్చారని ఇంట్లోవాళ్లు తీర్మానించేస్తారు. "నువ్వు కాపురానికి వచ్చాకే మా ఇంటికి ఈ దరిద్రం పట్టింది" అని అత్తగారు అంటుంది. కడుపుతో ఉన్న పిల్లని పుట్టింటికి పంపేస్తారు. లేదా ఇంట్లోనే ఉంచి కంచం, గ్లాసు వేరు చేస్తారు. లేదా కొడతారు. ఆ అమ్మాయికి ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరుగుతాయి. మేడమ్‌తో మాత్రం "అలాగే మేడమ్" అంటుంది. తర్వాత రాదు.

ఆ కౌన్సెలర్ తప్పు చేసిందని నేను అనడం లేదు. భర్తకు కూడా పరీక్ష చేయాలి, అది ఆయన మంచికే. కానీ ఆ మాట అనే ముందు ఇంకో మాట అడిగి ఉండాల్సింది. "మీ ఆయనకు చెబితే ఏమవుతుందని అనుకుంటున్నావు? నీకు ప్రమాదం ఉంటుందా?" అని. ఉండదు అంటే, తీసుకురమ్మనొచ్చు. ఉంటుంది అంటే, వేరే దారి చూడాలి. మొదటి పరీక్షకే ఇద్దర్నీ కలిపి రమ్మనడం ఒక దారి. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని ఒకేసారి ఫలితం వింటే, ఎవరి రిపోర్టు ముందు వచ్చిందన్న తగువే ఉండదు. గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడే భర్తను కూడా పిలిచి పరీక్ష చేసే పద్ధతి ప్రతి ఊళ్లో గట్టిగా అమలు కావాలని నేను కోరుకుంటాను.

నింద ఎటు పడుతోందో చూశాం. మరి నిజం ఎటుంది? 2005, 2006 సంవత్సరాల్లో జరిగిన మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలోని వివాహితలను ఇంట్లో హింస గురించి అడిగారు. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేశారు. జే సిల్వర్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన బృందం కలిసి 28 వేల మందికి పైగా స్త్రీల సమాచారాన్ని పరిశీలించి 2008లో ప్రచురించారు. హింస లేని స్త్రీలలో వెయ్యికి ఇద్దరికి హెచ్‌ఐవీ ఉంది. భర్త కొట్టడమే కాకుండా లైంగికంగా కూడా హింసించిన స్త్రీలలో వెయ్యికి ఏడుగురికి ఉంది. దాదాపు నాలుగు రెట్లు. వినండి, నాలుగు రెట్లు. అలా దెబ్బలూ లైంగిక హింసా భరిస్తున్న స్త్రీకే జబ్బు సోకే ముప్పు ఎక్కువ. జబ్బు బయటపడ్డాక మళ్లీ దెబ్బలు తినేది కూడా ఆమే.

ఇందులో ఆశ్చర్యపోయేది ఏమీ లేదు. చేయెత్తే భర్తను కండోమ్ వాడమని ఏ భార్య అడగగలదు? "నా మీద అనుమానమా, లేక నువ్వే ఎక్కడికైనా వెళ్లొచ్చావా" అని ఎదురు ప్రశ్న వస్తుంది. దాని వెనకే చెంపదెబ్బ వస్తుంది. బలవంతం జరిగినప్పుడు లోపల గాయాలవుతాయి, సోకే అవకాశం పెరుగుతుంది. "కండోమ్ వాడండి" అని గోడల మీద రాస్తే సరిపోదు. ఆ మాట అనగలిగే స్వేచ్ఛ ఆమెకు ఉందో లేదో చూడాలి.

ఇలాంటి ఇళ్లు ఎక్కడో ఒకటి అరా ఉంటాయనుకోకండి. 2019 నుంచి 2021 వరకు జరిగిన అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో పదికి ముగ్గురు భర్త చేతిలో హింస అనుభవించారు. తెలంగాణలో ఇంకా ఎక్కువ, వందకు 37 మంది దాకా. ఇంకో మాట వినండి. దేశంలో హింస అనుభవించిన స్త్రీలలో సాయం అడిగినవాళ్లు వందకు 14 మంది మాత్రమే. ఎక్కువమంది ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. అడక్కుండా వాళ్లంతట వాళ్లు చెబుతారని ఎదురుచూస్తే, ఎప్పటికీ చెప్పరు. అందుకే అడగాలి అంటున్నాను.

సరే, మందు మొదలుపెట్టిన తర్వాత సంగతి చూద్దాం. మాత్రల డబ్బా ఇంట్లో ఎక్కడ పెట్టాలి? దాని మీద పేరుంటుంది. కాస్త ఊపితే గలగలమంటుంది. కొందరు పేరు చింపేస్తారు. కొందరు చప్పుడు రాకుండా దూది కుక్కుతారు. బియ్యం డ్రమ్ములో దాస్తారు, బీరువాలో చీరల మడతల్లో దాస్తారు. రాత్రి తొమ్మిదింటికి మాత్ర వేసుకోవాలి. ఆ టైముకి ఆయన తాగి వస్తాడు. గొడవ మొదలవుతుంది. ఆమె పిల్లల్ని చంకనేసుకుని పక్కింటికి పరుగెడుతుంది. మాత్ర బియ్యం డ్రమ్ములోనే ఉంటుంది. అలా ఆ రోజు పోతుంది. మూడు రోజులు పుట్టింట్లో ఉంటే మూడు రోజులూ పోతాయి. నెల తర్వాత సెంటర్‌కి వస్తే మాత్రలు లెక్కపెడతారు. "ఎందుకమ్మా మిగిలాయి? నీ ప్రాణం మీద నీకే శ్రద్ధ లేకపోతే మేమేం చేస్తాం?" అని గట్టిగా అంటారు. ఇంట్లో తిట్లు, ఇక్కడా తిట్లు. ఆమె ఇక ఏ మొహం పెట్టుకుని వస్తుంది?

ఇది నా ఊహ మాత్రమే కాదు. చాలా దేశాల అధ్యయనాలను కలిపి 2015లో ఒక పరిశీలన వచ్చింది. భాగస్వామి చేతిలో హింస అనుభవిస్తున్న స్త్రీలు మందు సరిగా వేసుకోలేకపోతున్నారనీ, వాళ్లలో వైరస్ అదుపులోకి రావడం తక్కువనీ అందులో తేలింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ మాక్టింగర్ అనే వైద్యుడు స్త్రీల హెచ్‌ఐవీ క్లినిక్ నడిపారు. ఈమధ్య కాలంలో హింసకో, అలాంటి మరో ఘోరానికో గురైన స్త్రీలలో చికిత్స విఫలమయ్యే అవకాశం మిగతావారికంటే నాలుగు రెట్లకు పైగా ఉందని ఆయన బృందం 2012లో రాసింది. మందు అదే. డాక్టర్లూ వాళ్లే. తేడా అంతా మనిషి పడిన బాధలో ఉంది.

దెబ్బ ఆగిపోయిన తర్వాత కూడా మనసులో దాని పని ఆగదు. చిన్నప్పుడు దగ్గరి బంధువు చేతిలో లైంగిక హింసకు గురైన పిల్ల ఉంటుంది. బడిలోనో హాస్టల్లోనో అలాంటిది జరిగిన మగపిల్లాడూ ఉంటాడు. మగవాళ్లకు జరగదనుకోవడం పెద్ద పొరపాటు. వాళ్లు పెద్దవాళ్లవుతారు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. గదిలో తలుపు వేస్తే ఊపిరాడదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడతారు. డాక్టరు పరీక్ష చేయడానికి ఒంటి మీద చెయ్యి వేస్తే బిగుసుకుపోతారు. నిద్ర కోసం తాగుతారు. తాగి మాత్ర మర్చిపోతారు. వీళ్లను మనం మొండివాళ్లు అంటాం. వీళ్ల మనసు ఇంకా ఆ పాత ప్రమాదం నుంచి తప్పించుకునే ప్రయత్నంలోనే ఉంది.

అందువల్ల సెంటర్లో మనం నడుచుకునే తీరు కూడా మందంత పని చేస్తుంది. అందరి ముందూ పేరు పెట్టి కేకేయకూడదు. ముట్టుకునే ముందు "చెయ్యి పట్టుకోవచ్చామ్మా" అని అడగాలి. తర్వాత ఏం చేయబోతున్నామో ముందే చెప్పాలి. తలుపు వేయాలో తీసి ఉంచాలో వాళ్లనే అడగాలి. వీటికి బడ్జెట్ అక్కర్లేదు.

ఇక ప్రశ్న ఎలా అడగాలో కొంచెం వివరంగా చెప్పుకుందాం. నా ప్రసంగంలో ముఖ్యమైన భాగం ఇదే.

మొదట, ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. భర్త పక్కన ఉంటే అడగకూడదు. అత్తగారు గుమ్మంలో ఉంటే అడగకూడదు. రెండేళ్లు దాటిన పిల్లలు ఒళ్లో ఉన్నా జాగ్రత్త. విన్నమాట పిల్లలు ఇంట్లో చెప్పేస్తారు. "బరువు చూడాలి, ఒక్కసారి లోపలికి రామ్మా" అని పిలిచి అడగొచ్చు. చాటు లేని చోట అడగకపోవడమే మేలు. అడగడం నేర్చుకోనివాళ్లు, అడిగాక ఎక్కడికి పంపాలో తెలియనివాళ్లు కూడా అడగకూడదు. గాయం కట్టు విప్పి, మందు లేదని వదిలేయడం అన్యాయం.

రెండోది, ఆమెనొక్కదాన్నే వేలెత్తి చూపుతున్నట్టు అడగకూడదు. "చాలా ఇళ్లలో గొడవలు అవుతుంటాయి. ఆరోగ్యం మీద వాటి ప్రభావం ఉంటుంది కాబట్టి మేము వచ్చినవాళ్లను అడుగుతుంటాం. నీకెప్పుడైనా ఇంట్లో భయం వేసిందా? ఎవరైనా చేయి చేసుకున్నారా?" అని అడగొచ్చు. ఆమె లేదు అంటే లేదనే తీసుకోవాలి. ఒత్తిడి చేయకూడదు. "ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే నేనిక్కడే ఉంటా" అంటే చాలు. మూడో నెలలోనో ఆరో నెలలోనో ఆమే నోరు విప్పుతుంది.

నోరు విప్పిన తర్వాత ఏం చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇచ్చిన చేతిపుస్తకంలో చక్కగా చెప్పారు. దాని సారం నా మాటల్లో చెబుతాను. అడ్డు తగలకుండా వినాలి. ఇప్పుడు ఆమెకు ఏది ముఖ్యమో అడగాలి. "ఇందులో నీ తప్పు లేదు, నీ మాట నేను నమ్ముతున్నాను" అని చెప్పాలి. ఈ రాత్రి ఇంటికి వెళితే ప్రమాదం ఉందా అని చూడాలి. ఆ తర్వాత సాయం దొరికే చోటుకి దారి చూపాలి. అంతే. "ఇంతకాలం ఎందుకు పడున్నావు? వదిలేసి రావచ్చు కదా?" అని మాత్రం అనకూడదు. ఎందుకు వదిలి రాలేదో ఆమెకు తెలుసు. పిల్లల ఫీజు, ఇంటి అద్దె, తమ్ముడి భార్య మాట, ఇవన్నీ ఆమె లెక్కలో ఉన్నాయి. నిర్ణయం ఆమెది.

ఈ రాత్రి ప్రమాదం ఉందా అని ఆలోచించేటప్పుడు చిన్న చిన్న సంగతులే పెద్దవవుతాయి. మాత్ర రాత్రి కాకుండా, ఆయన పనికి వెళ్లాక పొద్దున వేసుకోవచ్చా? డాక్టరును అడిగి టైము మార్చుకోవచ్చు. నాలుగు మాత్రలు అమ్మగారింట్లో పెట్టుకోవచ్చా? ఒక్కసారే మూడు నెలల మందు ఇస్తే ఆమెకు తేలికా, దాచడం కష్టమా? కొందరికి బస్సు ఖర్చు తగ్గి మేలవుతుంది. కొందరికి సెంటర్‌కి రావడమే ఇంట్లోంచి బయటపడే ఒక్క అవకాశం. అడిగితేనే తెలుస్తుంది. ఆమె ఫోన్ ఎవరెత్తుతారు? భర్త ఎత్తితే ఏం చెప్పాలి? సెంటర్ నుంచి ఫోన్ చేసేవాళ్లు ఏ పేరు చెప్పుకోవాలో ముందే ఆమెతో మాట్లాడుకోవాలి. మందు మానేసినవాళ్లను వెతుక్కుంటూ ఇంటికి వెళ్లే కార్యకర్తలకు మరీ మరీ చెబుతున్నాను. మీరు వెళ్లేది మంచికే. కానీ మీరు వీధిలో దిగి ఇంటి పేరు అడిగితే, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. వెళ్లే ముందు ఇంటికి రావచ్చా అని ఆమె మాట తీసుకోండి.

ఇక చట్టం. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదని అందులో ఉంది. ఇంట్లో హెచ్‌ఐవీ ఉన్నవారిని అందరూ కలిసి ఉండే ఇంటి నుంచి వెళ్లగొట్టకూడదని కూడా ఉంది. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది తొమ్మిదో సెక్షన్. భాగస్వామికి ముప్పు ఉన్నప్పుడు, కొన్ని షరతులతో, డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ వారికి తెలియజేయొచ్చు. అయితే అలా తెలియజేస్తే హింస జరుగుతుందనో, విడిచిపెట్టేస్తారనో సహేతుకమైన భయం ఉంటే, ముఖ్యంగా స్త్రీల విషయంలో, తెలియజేయకూడదు. చట్టమే ఇంత స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు ఆలోచించండి. హింస భయం ఉందో లేదో డాక్టరుకు ఎలా తెలుస్తుంది? అడిగితేనే తెలుస్తుంది. అంటే ఆ ప్రశ్న అడగకుండా ఈ చట్టాన్ని పాటించడమే కుదరదు.

అడిగితే నిజంగా ఫలితం ఉంటుందా? ఉంటుంది. ఆఫ్రికాలో ఉగాండా దేశం ఉంది. అక్కడ రకాయ్ అనే జిల్లాలో ఊళ్లకు ఊళ్లను కలుపుకుని ఒక పని చేశారు. ఊళ్లో ఆడామగా అందరితో ఇంటి హింస గురించి మాట్లాడారు. హెచ్‌ఐవీ పరీక్షకు వచ్చిన స్త్రీలతో, ఫలితం ఇంట్లో ఎలా చెప్పాలి, చెబితే ప్రమాదం ఉందా అని కూర్చుని మాట్లాడారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఊళ్లలో స్త్రీల మీద హింస తగ్గింది. కొత్తగా హెచ్‌ఐవీ సోకడం కూడా తగ్గింది. రెండూ తగ్గాయి. ఇంతకంటే రుజువేం కావాలి?

దక్షిణాఫ్రికాలో లింపోపో ప్రాంతంలో ఇంకో పని జరిగింది. అది వింటే మన డ్వాక్రా సంఘాలు గుర్తొస్తాయి. పేద స్త్రీలకు చిన్న రుణాలిచ్చారు. వాయిదాలు కట్టడానికి కలిసినప్పుడే హెచ్‌ఐవీ గురించి, ఇంటి హింస గురించి పాఠాలు పెట్టారు. రెండేళ్లలో భాగస్వామి హింస సగానికి పైగా తగ్గిందని 2006లో రాశారు. కొత్తగా హెచ్‌ఐవీ సోకడంలో మాత్రం అక్కడ తేడా కనబడలేదు. ఆ సంగతీ దాచకుండా చెప్పాలి. అయినా చేతిలో నాలుగు రూపాయలు, పక్కన పదిమంది ఆడవాళ్లు ఉన్న స్త్రీ మీద చేయెత్తడానికి జంకుతారన్నది అక్కడి అనుభవం. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊళ్లో మహిళా సంఘాలున్నాయి. పొదుపు లెక్కలు అయ్యాక పావుగంట ఈ మాట మాట్లాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పక్కనే ఉన్న కర్ణాటక సంగతి కూడా చెప్పాలి. అక్కడ సెక్స్ వర్కర్ల మధ్య హెచ్‌ఐవీ నివారణ పని చేసిన సంస్థలు మొదట కండోమ్‌లు, పరీక్షలు అన్నాయి. ఆ స్త్రీలు ముందు తమను కొడుతున్న పోలీసులు, రౌడీల గురించి చెప్పారు. దెబ్బలు తింటున్న మనిషికి కండోమ్ రెండో సంగతి. అప్పుడు వాళ్లలోంచే బృందాలు తయారయ్యాయి. ఎవరినైనా కొట్టారని ఫోన్ వస్తే ఏ వేళయినా వెంటనే వెళ్లడం, లాయరును పిలవడం, పోలీసులకు శిక్షణ ఇవ్వడం చేశారు. అక్కడ హింస తగ్గిందని 2010లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. హింసకు గురైనవాళ్లలో కండోమ్ వాడకం తక్కువని కూడా అందులోనే ఉంది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు కూడా సెక్స్ వర్కర్లను పోలీసులు గౌరవంగా చూడాలనీ, వాళ్ల మీద అత్యాచారం జరిగితే మిగతా బాధితులందరికీ చేసినట్టే వైద్యసాయం చేయాలనీ ఆదేశించింది. హిజ్రాల విషయంలోనూ ఇదే మాట. ఆస్పత్రి వరండాలో నవ్వులపాలైన హిజ్రా మందు కోసం మళ్లీ ఆ మెట్లెక్కదు.

ఇప్పుడు చెప్పేది అందరూ గుర్తుపెట్టుకోండి. అత్యాచారం జరిగినప్పుడు హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు, అంటే మూడు రోజులు దాటకూడదు. మళ్లీ చెబుతున్నాను, మూడు రోజులు దాటకూడదు. 28 రోజులు వాడాలి. ప్రభుత్వ ఆస్పత్రయినా ప్రైవేటు ఆస్పత్రయినా అత్యాచార బాధితులకు వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టం ఉంది. ముందు పోలీసు కేసు పెట్టి రండి, అప్పుడు చూస్తాం అనడానికి ఆస్పత్రికి హక్కు లేదు. పరువు పోతుందని ఇంట్లో కూర్చుని ఆలోచిస్తుంటే ఆ మూడు రోజులూ గడిచిపోతాయి. ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. మిగతావి తర్వాత మాట్లాడుకోండి.

సాయం దొరికే చోట్లు చెబుతాను. దగ్గర కాగితం ఉంటే రాసుకోండి. హెచ్‌ఐవీ గురించి ఏ సందేహమున్నా 1097 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు కాదు, పేరు చెప్పక్కర్లేదు. ఇంట్లో హింస ఉంటే 181. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. ఉండటానికి తాత్కాలికంగా చోటు, వైద్యం, లాయరు సాయం, పోలీసు సాయం అన్నీ అక్కడ చూస్తారు. మనసు కుదుటపడకపోతే, నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే 14416. అది టెలీమానస్. తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే 112. 2005 నాటి గృహహింస చట్టం కింద మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారికి చెప్పుకోవచ్చు. దానికి పోలీసు కేసు తప్పనిసరి కాదు. ఆ ఇంట్లోనే ఉండే హక్కు కూడా అడగొచ్చు. స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లాయరు ఉచితం, ఆదాయంతో నిమిత్తం లేదు.

ఈ ప్రసంగం వింటున్న కౌన్సెలర్లకు, నర్సులకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు నా విన్నపం. మీ మీద పని భారం ఎంతుందో నాకు తెలుసు. వరుసలో ఎంతమంది నిలబడి ఉంటారో తెలుసు. అయినా లోపలికి పిలిచి ఆ ఒక్క ప్రశ్న అడగండి. అడగడం మీకు నేర్పించమని మీ అధికారులను నిలదీయండి. తలుపున్న ఒక గది ఇవ్వమని అడగండి. ఏ జిల్లాలో ఏ రక్షణాధికారి ఉన్నారో, సఖి కేంద్రం నంబరు ఏమిటో మీ గోడ మీద రాసిపెట్టుకోండి. మీరు విన్న కష్టాలు మీ మనసునూ నలిపేస్తాయి. నెలకోసారైనా మీలో మీరు కూర్చుని మాట్లాడుకునే వీలు అధికారులు కల్పించాలి.

అధికారులకు ఒక్క మాట. ఎంతమందికి పరీక్ష చేశారు, ఎంతమందికి మందు ఇచ్చారు అని ప్రతి నెలా లెక్క తీసుకుంటున్నారు. ఎంతమందిని చాటుగా కూర్చోబెట్టి ఇంటి సంగతి అడిగారు, ఎంతమందికి దారి చూపారు అన్నది కూడా ఆ లెక్కలో చేర్చండి. లెక్కలో లేని పని మన దగ్గర ఎవరూ చేయరు.

ఇళ్లలో వింటున్న అత్తగార్లకు, భర్తలకు కూడా చెబుతున్నాను. మీ కోడలి రిపోర్టు ముందొచ్చిందంటే, ఆమె ముందు ఆస్పత్రికి వెళ్లిందని మాత్రమే అర్థం. ఆమె మీద చేయెత్తకండి. మీరూ వెళ్లి పరీక్ష చేయించుకోండి. పాజిటివ్ అయితే మందు మొదలుపెట్టండి. ఇద్దరూ రోజుకో మాత్ర వేసుకుంటూ పిల్లల్ని పెంచుకుంటూ నిండా బతుకుతున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి.

ఇలాంటి కష్టంలో ఉండి, చాటుగా ఈ రేడియో వింటున్న అమ్మా, చెల్లీ, తమ్ముడూ, ఇందులో మీ తప్పు లేదు. మళ్లీ సెంటర్‌కి వెళ్లినప్పుడు కౌన్సెలర్‌తో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది. వెళ్లలేకపోతే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు 181కి గానీ 1097కి గానీ ఫోన్ చేయండి.